చేతుల శుభ్రత: ఒక నర్సు అడిగిన సందేహం

చిన్నప్పుడు మా దగ్గర నాజిరా చదువుకున్న అమ్మాయి ఒకరు ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. ఆ మధ్య తండ్రితో కలసి మా ఇంటికి వచ్చింది. సలాములు, క్షేమ సమాచారాలు, చాయ్ అన్నీ అయ్యాయి. తండ్రి ఫోను మాట్లాడుతూ వరండాలోకి వెళ్లగానే మెల్లగా అడిగింది.

"హజరత్, ఆసుపత్రిలో మాకు ట్రైనింగు ఇచ్చారు. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత సీసాలోని మందు చేతులకు రుద్దుకోవాలట. అందులో ఉండేది ఆల్కహాలు. ఆ చేతులతో నమాజు అవుతుందా?"

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అన్నాము. తల దించుకుంది. పెద్ద సిస్టరు చూస్తుంటే రుద్దుకుంటుందట. చూడకపోతే వదిలేస్తుందట. సబ్బుతో కడుక్కుందామంటే వార్డు మొత్తానికి ఒకటే సింకు, అదీ ఆ చివర. ఒక్కొక్క రోగికీ అక్కడిదాకా వెళ్లి రావడం అయ్యే పని కాదు. ట్రైనింగులోనే అడగవలసింది కదా అంటే, "అందరి ముందూ ఎలా అడగను? నవ్వుతారేమోనని ఊరుకున్నాను" అంది.

ఈ జవాబు మమ్మల్ని కలవరపెట్టింది. ఆమె వదిలేసిన ప్రతిసారీ ఒక మంచం మీది రోగక్రిమి పక్క మంచానికి చేరే అవకాశం ఉంది. ఆ మంచాల మీద ఉండేది బాలింతలు, ఆపరేషను అయినవారు, నెలలు నిండని పసికందులు. ఒక ధర్మ సందేహం తీరక, తీర్చేవారు లేక, ఇంత పని జరుగుతోందన్నమాట.

సందేహం సంగతి ముందు చెప్పుకుందాం. తాగే మద్యం హరాం. అందులో రెండో మాట లేదు. ఇక్కడి ప్రశ్న తాగడం గురించి కాదు, చర్మానికి రాసుకోవడం గురించి. ఈ విషయం 2002 జనవరిలో మక్కాలో జరిగిన ఇస్లామీ ఫిఖహ్ మండలి సమావేశంలో చర్చకు వచ్చింది. గాయాలు శుభ్రం చేయడానికి, క్రిములను చంపడానికి, పైపూత మందులలో ఆల్కహాలు వాడవచ్చునని ఉలమాలు తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన చేతుల శుభ్రత మార్గదర్శకాలలో ఈ నిర్ణయాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు. హనఫీ ధర్మవేత్తలు ద్రాక్ష, ఖర్జూరాల మద్యానికీ, ఇతర పదార్థాల నుంచి తయారయ్యే ఆల్కహాలుకూ తేడా చూపుతారు. మన దేశంలో ఇథనాలు చెరకు మడ్డి నుంచి కూడా వస్తుంది. ఐసోప్రొపైల్ రకం పెట్రోలియం నుంచి తీసేది. రుద్దుకున్న అర నిమిషంలో ఆవిరైపోతుంది కూడా. నమాజుకు అడ్డేమీ లేదని ఆమెకు చెప్పాము. ఆ అమ్మాయి ముఖంలో కనిపించిన తేలిక మేము మరచిపోలేము.

అయితే రోజుకు అయిదుసార్లు వుజూ చేస్తాం గనుక మన చేతులు ఎప్పుడూ శుభ్రమేనని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. వుజూ నమాజు కోసం. ఆసుపత్రిలో లెక్క వేరు. రోగిని తాకబోయే ముందు, ఇంజెక్షను వంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం మలమూత్రాల వంటివి అంటే ప్రమాదమున్న పని తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి మంచాన్నీ పరిసరాలనూ తాకిన తరువాత: ఈ అయిదు సందర్భాలనూ శిక్షణలో కంఠస్థం చేయిస్తారు. ఒక్క షిఫ్టులో అవి పదుల సార్లు వస్తాయి. మందు రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, సబ్బునీళ్లకైతే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. చేతికి రక్తమో మలినమో కంటికి కనిపిస్తుంటే మాత్రం సీసా పనికిరాదు, నీళ్లే కావాలి. కొన్ని రకాల విరేచనాల క్రిములు కూడా ఆల్కహాలుకు చావవు.

వేళ్ల సందులు రుద్దడం, ఖిలాల్, మనకు కొత్త కాదు. అయినా శిక్షణలో చీకటిలో మెరిసే ఒక క్రీము చేతులకు రాసి, కడుక్కోమని, ప్రత్యేకమైన దీపం కింద పెట్టి చూపిస్తే, చాలామందికి బొటనవేళ్లూ వేళ్ల కొసలూ మెరుస్తాయి. అంటే అక్కడ రుద్దలేదన్నమాట. మా అమ్మాయికి రెండు బొటనవేళ్లూ మెరిశాయట!

ఇదంతా పెద్ద చదువులవారికి తెలియదా అని పాఠకులు అడగవచ్చు. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1847లో జరిగింది వినండి. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో మంత్రసానులు, రెండోదానిలో వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. విద్యార్థుల విభాగంలో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోయేవారు. అందులో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారట. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు కాన్పు గదికి వస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు కనిపెట్టాడు. క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడగమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు రెండు మూడు నెలల్లో 2కు దిగాయి. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. వారి చేతుల వల్ల రోగులు చచ్చిపోతున్నారంటే ఎలా ఒప్పుకుంటారు? 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో మరణించాడు.

ఆ అహం పూర్తిగా పోలేదు. జెనీవాలో డాక్టర్ దిదియే పితే బృందం పరిశీలించినప్పుడు నర్సుల కంటే డాక్టర్లే చేతుల శుభ్రతలో వెనుకబడి ఉన్నారు. ఆ ఆసుపత్రిలో ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. ప్రతి మంచం దగ్గరా సీసా పెట్టారు, గోడలకు బొమ్మలు అతికించారు, ఎవరు ఎంత పాటిస్తున్నారో గమనించి ఆ లెక్కలు వారికే చూపారు. 1994లో నూటికి 48 సార్లు పాటించేవారు, 1997కు 66 సార్లు పాటించారు. ఆసుపత్రిలో అంటుకునే వ్యాధులు నూటికి 16.9 నుంచి 9.9కు తగ్గాయి.

మన ఆడపిల్లలు అడిగే ఇంకో ప్రశ్న చేతుల చొక్కా గురించి. బ్రిటన్‌లో 2007 నుంచి రోగిని చూసేటప్పుడు మోచేతుల కింద ఏమీ ఉండరాదన్న నియమం పెట్టారు. ముస్లిం సిబ్బంది ఇబ్బంది చెప్పుకున్నారు. 2010లో అక్కడి ఆరోగ్యశాఖ మార్గం చూపింది. వాడి పారేసే విడి చేతితొడుగులు మోచేతి నుంచి మణికట్టు దాకా వేసుకోవచ్చు, గ్లౌజులలాగే రోగి రోగికీ మార్చాలి. రోగి దగ్గర లేనప్పుడు నిండు చేతులు దించుకోవచ్చు. అడిగినందువల్లనే దారి దొరికింది. ఉంగరాలు, గాజులు, పొడుగు గోళ్లు మాత్రం వద్దు.

మాకు కోపం తెప్పించేది ఒకటుంది. శిక్షణ అంటే డాక్టర్లకూ నర్సులకూ అని సరిపెట్టి, ఆయాలనూ వార్డుబాయిలనూ ఊడ్చేవారినీ మరచిపోతారు. సూదులు వారికీ గుచ్చుకుంటాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు ఆ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరిన రోజుల్లోనూ, ఆ తరువాత ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇవ్వాలంటున్నాయి. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని కూడా ఉంది. మన బస్తీలలో ఈ పనికి వెళ్లే వారెందరో ఉన్నారు. టీకా వేశారా అని ఇంట్లోవారు ఒకసారి అడగండి.

ఇక పరామర్శ. రోగిని చూడటానికి పదిమందిమి వెళ్లి, మంచం మీదే కూర్చుని, పిల్లల్ని పక్కన పడుకోబెడతాం. కొరియాలో 2015లో గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఒక్క మనిషితో మెర్స్ వ్యాధి మొదలైంది. 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. అక్కడా మనలాగే ఇంటివారు రోగి దగ్గర ఉండి సేవ చేస్తారు. జబ్బు పడినవారిలో అలాంటివారూ, చూసిపోవడానికి వచ్చినవారూ చాలామంది.

తరువాతి ట్రైనింగులో ఆ అమ్మాయి లేచి తన సందేహాన్నీ, దొరికిన జవాబునూ అందరికీ చెప్పిందట. ఎవరూ నవ్వలేదట. వెనక వరసలో ఉన్న ఇద్దరు ఆయాలు తమకూ అదే అనుమానమని చేతులెత్తారట. గత నెల మా తోడల్లుడు అదే వార్డులో చేరితే చూడబోయి, అలవాటు కొద్దీ మంచం అంచున కూర్చున్నాము. ఆ అమ్మాయే వచ్చింది. "హజరత్, మాఫ్ చేయండి. అటు స్టూలు మీద కూర్చోండి. ముందు ఈ సీసా..." అంది. లేచి చేతులు చాపాము.