రెండు భాషల పిల్లవాడు

"ఇంట్లో తెలుగు మానేయండి. బడి భాషే మాట్లాడండి. లేకపోతే పిల్లవాడు రెంటికీ చెడతాడు." హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఉంటున్న తెలుగువారికి ఈ సలహా కొత్త కాదు. చెప్పడానికి మొగమాటంగా ఉంది గాని, ఇది ఎక్కువగా మా ఉపాధ్యాయుల నోటి నుంచే వస్తుంది. ఇంతకీ ఈ సంగతిని ఎవరు, ఎలా తేల్చారు?

మనస్తత్వ శాస్త్రంలో ఒక కారణాన్ని తేల్చడానికి మేలైన దారి ప్రయోగం. చీట్లు తీసి పిల్లలను రెండు జట్లు చేస్తారు. ఒక్క విషయంలోనే తేడా పెట్టి ఫలితం చూస్తారు. కానీ "నువ్వు రెండు భాషల ఇంట్లో పుట్టు" అని చీటీ తీసి చెప్పలేం కదా! ఉన్న పిల్లలనే పోల్చి చూడాలి. చిక్కంతా ఇక్కడే.

1923లో సేయర్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో చేసిన అధ్యయనాన్ని ప్రకటించారు. పల్లెల్లో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలకు ప్రజ్ఞాపరీక్షలో మార్కులు తగ్గాయి. పట్నాల్లో మాత్రం ఆ తేడా లేదు. కారణం భాషే అయితే పట్నంలో అది ఎక్కడికి పోయింది? ఆ కాలపు అధ్యయనాలు చాలావరకు ఇంటి స్థితిగతులను సరిచూడలేదు. కూలివాని బిడ్డనూ గుమాస్తా బిడ్డనూ పక్కపక్కన నిలబెట్టి, తేడాను భాష ఖాతాలో వేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు ఈ లోపాన్ని సరిదిద్దారు. ఇంటి స్థాయి సమానంగా ఉన్న పదేళ్ళ పిల్లలను ఎంచుకున్నారు. ఈసారి రెండు భాషల పిల్లలే ముందున్నారు! అయితే రెండూ సమానంగా వచ్చినవారినే వాళ్ళు తీసుకున్నారు. తెలివైనవారే రెండో భాషను బాగా పట్టుకున్నారేమో? ఆ అనుమానం మిగిలింది.

ఈ అనుమానానికి జవాబు మన ఒడిశాలో దొరుకుతుంది. కంధమాల్ ప్రాంతపు కోంధుల్లో కొన్నిచోట్ల కుయి భాష పోయి ఒడియా మాత్రమే మిగిలింది. మరికొన్నిచోట్ల రెండూ ఉన్నాయి. అదే తెగ, దాదాపు అదే బతుకు. ఏ భాష వస్తుందన్నది పిల్లవాడి తెలివిని బట్టి కాదు, పుట్టిన ఊరిని బట్టి. అజిత్ మొహంతి ఈ పిల్లలను పోల్చి చూశారు. ఆయన పుస్తకం 1994లో మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ నుంచి వచ్చింది. రెండు భాషల పిల్లలు వెనకబడలేదు సరికదా, అనేక పరీక్షల్లో ముందున్నారు.

ఈ మధ్య జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆ లాభం అన్నిచోట్లా కనబడలేదు. ఆ వాదన సాగుతూనే ఉంది. తెలివి తగ్గుతుందన్న మాట మాత్రం నిలవలేదు.

ఒక్క మాట. రెండు భాషల పిల్లవాడికి ఒక్కో భాషలో విడిగా లెక్కిస్తే మాటలు కాస్త తక్కువగా కనబడవచ్చు. కన్నడ బడిలో చేట బొమ్మ చూపితే 'మొర' అనలేని పిల్లవాడు 'చేట' అని టక్కున చెబుతాడు. "మీవాడికి మాటలు రావు" అని ఎవరైనా అంటే, ఏ భాషలో అడిగి చూశారో కనుక్కోండి.