మిల్లులో పిల్లలు, ఫోటోలు తీసిన మాస్టారు

ఈసారి గోడపత్రికకి అమెరికా చరిత్రలో ఏదైనా ఒక విషయం రాయమని సోషల్ టీచరు చెప్పారు. అమెరికా అంటే పెద్ద పెద్ద మేడలు, డాలర్లు అనే మనందరం అనుకుంటాం. కాని 100 సంవత్సరాల కిందట అక్కడ కూడా మన ఈడు పిల్లలు బడికి పోకుండా పనికి పోయేవాళ్ళు. ఒకరిద్దరు కాదు. 1900 జనాభా లెక్కల్లో 10 నుంచి 15 ఏళ్ళ వయసు పిల్లలు దాదాపు 17 లక్షల 50 వేల మంది పనిలో ఉన్నట్టు తేలింది. అంటే ఆ వయసు వాళ్ళలో ఐదారుగురికి ఒకరు. 10 ఏళ్ళ లోపు వాళ్ళని ఆ లెక్కలో వేయనే లేదు. ఆ పని మాన్పించడానికి అక్కడివాళ్ళు ఎంత కష్టపడ్డారో, చట్టం వచ్చినా ఎందుకు నిలబడలేదో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఏం పనులు చేసేవాళ్ళో చూద్దాం. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, జార్జియా అనే దక్షిణ రాష్ట్రాల్లో నూలు మిల్లులు ఎక్కువ. గాలిలో తడి ఉంటేనే దారం తెగదు, అందుకని కిటికీలు మూసే ఉంచేవాళ్ళు. లోపలంతా ఉక్క, దూది నుసి, మిషన్ల చప్పుడు. ఆడపిల్లలు మిషన్ల వరసల మధ్య పొద్దస్తమానం నడుస్తూ తెగిన పోగులు అతకాలి. మగపిల్లలు నిండిన కండెలు తీసేసి ఖాళీ కండెలు పెట్టాలి. చెయ్యి అందకపోతే నడుస్తున్న మిషను మీదకి ఎక్కేవాళ్ళు, అదీ ఉత్త కాళ్ళతో. రోజుకి 10, 11 గంటల పని. కొన్ని మిల్లుల్లో రాత్రి కూడా ఉండేది.

పెన్సిల్వేనియా అనే రాష్ట్రంలో బొగ్గు గనులు. కొత్తగూడెం, మణుగూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకి బొగ్గు గురించి నేను చెప్పక్కర్లేదు. అక్కడ పైకి తెచ్చిన బొగ్గు ఏటవాలు తొట్టెల్లో జారుకుంటూ వస్తుంటే, పిల్లలు వాటి మీద వంగి కూర్చుని రాళ్ళు ఏరేవాళ్ళు. మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. కాకపోతే బియ్యం చాటలో కదలకుండా ఉంటాయి, బొగ్గు పరిగెడుతూ ఉంటుంది. వేళ్ళు నలిగిపోయేవి. తొట్టెలో జారిపడి చచ్చిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

దీని మీద కోపం వచ్చినవాళ్ళలో మదర్ జోన్స్ అనే ముసలామె ఒకరు. ఆమె కార్మికుల నాయకురాలు. 1903లో ఫిలడెల్ఫియా నగరంలో మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు, వేళ్ళు తెగిన పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రెసిడెంటు థియోడర్ రూజ్‌వెల్ట్ ఇంటిదాకా ఊరేగింపుగా నడిపించింది. ప్రెసిడెంటు వాళ్ళని కలవలేదు. అయినా దారి పొడుగునా ఊళ్ళలో జనం ఆ పిల్లల చేతులు చూశారు, పేపర్లలో వచ్చింది. తర్వాతి సంవత్సరం, 1904లో, బాల కార్మికుల కోసం ఒక జాతీయ కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ 1908లో లూయీ హైన్ అనే ఆయన్ని ఫోటోలు తీసే ఉద్యోగంలో పెట్టుకుంది. నాకు ఇందులో బాగా నచ్చిన మనిషి ఈయనే.

హైన్ న్యూయార్క్‌లో బడి పంతులు. కెమెరా పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి పోతే యజమానులు లోపలికి రానిస్తారా? రానివ్వరు. అందుకని ఒకచోట బైబిళ్ళు అమ్మేవాడిగా, ఇంకోచోట పోస్టు కార్డులు అమ్మేవాడిగా, మరోచోట మిషన్లకి ఫోటోలు తీసేవాడిగా పోయేవాడు. మిషనుకి ఫోటో తీస్తా, అది ఎంత పెద్దదో తెలియాలి కదా, ఈ పాపని పక్కన నిలబెట్టండి అనేవాడంట. తన కోటు గుండీలు ఒక్కోటి నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉన్నాయో ముందే కొలుచుకుని పెట్టుకున్నాడు. పిల్ల పక్కన నిలబడితే తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసి ఎత్తు తెలుసుకునేవాడు. జేబులో చెయ్యి పెట్టి, లోపలే చీటీ మీద రాసుకునేవాడు. అలా ఆ కమిటీ కోసం 5 వేలకి పైగా ఫోటోలు తీశాడు.

ఫోటో కింద ఊరు పేరు, తేదీ, ఎత్తు, కూలి ఎంత అని రాసి పెట్టేవాడు. 1908లో తీసిన ఒక ఫోటోలో మిల్లు మిషను పక్కన ఉన్న పాప 48 అంగుళాలు, అంటే 4 అడుగులు. మన మూడో తరగతి పిల్లలు అంత ఉంటారు. అదే సంవత్సరం నార్త్ కరోలినాలో ఇంకో పాప, 51 అంగుళాలు, రోజుకి 48 సెంట్ల కూలి. సెంటు అంటే డాలరులో నూరో వంతు. నీ వయసు ఎంత అని హైన్ అడిగితే మొదట గుర్తులేదంది. తర్వాత మెల్లగా, పనిచేసే వయసు నాకింకా రాలేదు గాని చేస్తున్నాను అని చెప్పింది.

ఈ వయసు సంగతి చాలా పెద్ద సంగతి. కొన్ని రాష్ట్రాల్లో అప్పటికే చిన్నపిల్లల్ని పనిలో పెట్టకూడదని చట్టాలు ఉన్నాయి. కాని చాలామంది పిల్లలకి పుట్టిన తేదీ కాగితమే లేదు. తండ్రి వచ్చి, మావాడికి అంత వయసు వచ్చింది అని సంతకం పెడితే సరిపోయేది. మన క్లాసులో సగం మందికి పుట్టిన తేదీ జూన్ నెలలోనే ఉంది. ఎందుకో మీకు తెలుసు, బడిలో వేసిన రోజు సారు రాసిందే తేదీ. మా అమ్మని అడిగితే, ఇప్పపూలు రాలే కాలంలో పుట్టావు అంటది. కాగితం లేకపోతే చట్టం ఎవరినీ పట్టుకోలేదు. అందుకే 1912లో అమెరికా ప్రభుత్వం పిల్లల కోసం ఒక శాఖ పెట్టినప్పుడు, జూలియా లాత్రోప్ అనే ఆమె దానికి అధికారి అయ్యి, పుట్టిన ప్రతి బిడ్డ పేరు ఎక్కించాలి అనే పని ముందుగా చేపట్టింది. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు కూడా లేదు, అది 1920లో వచ్చింది.

ఇంక చట్టం సంగతి. 1916లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, మన పార్లమెంటు లాంటిది. 14 ఏళ్ళ లోపు పిల్లలు పనిచేసిన ఫ్యాక్టరీ సరుకు, 16 ఏళ్ళ లోపు వాళ్ళు పనిచేసిన గని సరుకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపకూడదు. 14 నుంచి 16 ఏళ్ళ వాళ్ళకి ఫ్యాక్టరీలో రోజుకి 8 గంటలే, రాత్రి పని లేదు. ఇది 1917 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది.

అది అమలయ్యే ముందే ఒకాయన కోర్టుకి పోయాడు. ఎవరో మిల్లు యజమాని అనుకుంటారు. కాదు, పిల్లల తండ్రి! షార్లెట్ అనే ఊళ్ళో రోలాండ్ డాగన్‌హార్ట్ తనూ తన ఇద్దరు కొడుకులూ ఒకే మిల్లులో పని. ఒక కొడుకుకి 14 నిండలేదు, ఇంకొకడికి 14 దాటింది. నా పిల్లల కూలి నాకు రాకుండా చేయడానికి ప్రభుత్వం ఎవరు అన్నది ఆయన కేసు. వెనకాల లాయర్లని పెట్టింది మాత్రం మిల్లు యజమానులే. ఆ తండ్రి చెడ్డవాడని నేను అనలేను. ఇంట్లో ముగ్గురి కూలి వస్తే గాని గడవనప్పుడు ఒక్కసారిగా ఇద్దరిది ఆగిపోతే ఎట్లా బతకాలి? బడికి పంపమని చెప్పినవాళ్ళు, ఆ కూలి ఎవరిస్తారో చెప్పలేదు.

1918 జూన్ 3న సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని తీర్పు ఇచ్చింది. 9 మంది జడ్జీల్లో 5 మంది అటు, 4 మంది ఇటు. సరుకు రాష్ట్రాలు దాటడం మీద కేంద్రానికి అధికారం ఉంది గాని, సరుకు ఎలా తయారుచేస్తారన్నది రాష్ట్రాల విషయం అన్నారు. సివిక్స్‌లో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా అని మనం బట్టీ పడతామే, అదొక పిల్లవాడిని తిరిగి మిల్లులోకి పంపిస్తుందని నేను అనుకోలేదు. ఒక్క ఓటు తేడా.

కేసు గెలిచిన కొడుకుల్లో పెద్దవాడు రూబెన్. 1923లో ఒక పత్రికాయన పోయి అతన్ని అడిగాడు, గెలిచినందుకు నీకేం వచ్చింది అని. కారులో తిప్పారు, ఒక కూల్ డ్రింకు కొనిచ్చారు, అంతే వచ్చింది అన్నాడు. అప్పటికి అతను పెద్దవాడైనా బరువు 105 పౌండ్లే, అంటే 48 కిలోలు కూడా లేడు. చదువు లేదు. ఆ చట్టం ఉండి ఉంటే పిల్లలందరికీ మంచి జరిగేదని అతనే చెప్పాడు.

తర్వాత 1919లో పిల్లల్ని పెట్టుకున్న కంపెనీల లాభం మీద పన్ను వేశారు. 1922లో అదీ కొట్టేశారు. 1924లో రాజ్యాంగమే మార్చాలని చూస్తే 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, 28 మాత్రమే ఒప్పుకున్నాయి. చివరికి 1938లో వచ్చిన చట్టం నిలబడింది. ఆ చట్టం సరైనదేనని 1941లో సుప్రీంకోర్టు చెప్పి, 1918 తీర్పుని రద్దు చేసింది. హైన్ దీన్ని చూడలేదు. 1940లోనే పేదరికంలో చనిపోయాడు.

ఇంకొక ముఖ్య సంగతి. 1900 లెక్కల్లో ఉన్న పిల్లల్లో సగానికి పైగా మిల్లుల్లో, గనుల్లో లేరు, పొలాల్లో ఉన్నారు. 1916 చట్టంలో పొలం లేదు. 1938 చట్టం కూడా పొలం పనిని చాలావరకు వదిలేసింది. దక్షిణాన మిల్లుల్లోకి నల్లవాళ్ళని ఎక్కువగా రానిచ్చేవాళ్ళు కాదు, వాళ్ళ పిల్లలు పత్తి చేలల్లోనే ఉండేవాళ్ళు. అంటే మిల్లులో నూలు వడికే పిల్లకి చట్టం వచ్చింది, ఆ పత్తి ఏరిన పిల్లకి రాలేదు. హైన్ పత్తి చేలకి కూడా పోయి ఫోటోలు తీశాడు. ఇవాళ్టికీ వాళ్ళ దేశ చట్టం ప్రకారం 12 ఏళ్ళ పిల్లలు తల్లిదండ్రులు ఒప్పుకుంటే బడి లేని వేళల్లో పొలంలో కూలి చేయొచ్చు.

మన దేశంలో 2016లో చట్టం మార్చారు. 14 ఏళ్ళ లోపు వాళ్ళని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయినాక, సెలవుల్లో ఇంటివాళ్ళకి సాయం చేయొచ్చు. ఉచిత చదువు హక్కు 2009 చట్టంతో వచ్చింది, అది కూడా 6 నుంచి 14 ఏళ్ళ దాకే. నాకు ఇప్పుడు 14. మన 9వ తరగతిలో చాలామందికి అంతే. సంక్రాంతి సెలవులకి పోయిన ఇద్దరు ఇంకా తిరిగి రాలేదు, మిరప కోతలకి పోతున్నారని తెలిసింది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉన్నాయి, టీచరు ఇంకా కొట్టేయలేదు. వాళ్ళ గూడెం వైపు పోయేవాళ్ళు ఉంటే, పరీక్షలు ఏప్రిల్‌లో అని చెప్పండి. నా నోట్సులు ఇస్తాను, రాసుకోవచ్చు.