టీసీ కాలింది సరే.. నూనె ఎటు పోయింది?

కేజీఎఫ్: చాంపియన్ రీఫ్స్, మారికుప్పం వైపు వెళ్తుంటే దూరం నుంచే కనిపిస్తాయి ఆ దిబ్బలు. ఊళ్లో అందరికీ అవి సైనైడు దిబ్బలే. రాతిని పిండి చేసి, సైనైడు నీళ్లతో బంగారం లాగేశాక మిగిలిన పొడి అది. సుమారు 3.3 కోట్ల టన్నులు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.. దిబ్బలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆషాఢం గాలి లేచిందంటే ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నెల మీద ఆ దుమ్మే.

దిబ్బ కంటికి కనిపిస్తుంది గనుక దాని గురించి గొడవ చేసేవాళ్లున్నారు. 13 దిబ్బల్లో మిగిలిన బంగారం తీసేందుకు 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది కూడా. అయితే ఇదే జిల్లాలో కుప్పగా పడని వ్యర్థం ఇంకొకటుంది. అది ఊరూరా, పొలం గట్టున, రెండు స్తంభాల మధ్య వేలాడుతుంటుంది. మనోళ్లు టీసీ అంటారు. ట్రాన్స్‌ఫార్మరు!

గనితో వచ్చిన కరెంటు

ఈ ప్రాంతానికి కరెంటు కొత్తేమీ కాదు. 1902 జూన్ 30న శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి గనులకు విద్యుత్తు ఇచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు. నూటపాతికేళ్లకు దగ్గరపడుతున్న ఈ చరిత్రలో ఎన్ని యూనిట్లు వాడామో లెక్కలున్నాయి. వాడి పారేసిన నూనెకు మాత్రం లెక్క రాయాలనే పట్టింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎందుకు కాలుతున్నాయి?

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. సేద్యమంతా బోర్ల మీదే. చాలాచోట్ల నీళ్లు వెయ్యి అడుగులు దాటి దిగిపోయాయి. నీళ్లు దిగేకొద్దీ రైతు పెద్ద మోటారు దించుతాడు. టీసీ మాత్రం పాతదే. పైగా లెక్కలో లేని కనెక్షన్లు. ఎండాకాలంలో టమోటా తోటలకు అందరూ ఒకేసారి మోటార్లు వేశారంటే లోపల చుట్ట వేడెక్కిపోతుంది. ఆ చుట్టను చల్లబరచడం, కరెంటు బయటికి పాకకుండా కాయడం.. రెండు పనులూ నూనెవే. వేడి శ్రుతి మించితే నూనె పాడవుతుంది, సీళ్లు వదులై కారుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. వంద కేవీఏ టీసీలో వంద లీటర్లకు పైనే ఉంటుంది.

కాలిన టీసీని పల్లెల్లో 72 గంటల్లో మార్చాలన్నది కర్ణాటక విద్యుత్తు నియంత్రణ మండలి నిబంధన. రైతు చూపంతా ఆ గంటల మీదే. పైరు ఎండుతుంటే నూనె సంగతి ఎవరికి కావాలి? కొత్తది వస్తుంది, పాతది బండెక్కుతుంది. గట్టు మీద నల్లటి మరక మిగులుతుంది. వానొస్తే అదీ కనిపించదు.

ఇక దొంగల సంగతి. రాత్రిపూట టీసీ దించి, తీగ కోసం నూనె పొలంలో ఒంపేసి పోయేవాళ్లు కొందరు. నూనె కోసమే వచ్చేవాళ్లు ఇంకొందరు. ఈ నూనె రాస్తే కీళ్ల నొప్పులు పోతాయని నమ్మేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. వాడిన నూనె ఒంటికి పూసే మందు కాదు.

అసలు భయం ఇదీ

పాత కాలపు కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో పీసీబీ అనే రసాయనం వాడేవారు. అంటుకోదు, పాడవదు.. అందుకే ఇంజినీర్లకు నచ్చింది. పాడవకపోవడమే ఇప్పుడు మన ప్రాణానికి వచ్చింది. మట్టిలో పడితే ఏళ్లకేళ్లు ఉంటుంది. చేపలోకి, పాలలోకి, మన కొవ్వులోకి చేరుతుంది. సరైన కొలిమి లేకుండా తగలబెడితే డయాక్సిన్లు పుడతాయి. ఇది మన దేశంలో తయారు కాలేదు, దిగుమతైంది. దిగుమతి, తయారీలను నిషేధిస్తూ 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వాడకం పూర్తిగా ఆపేందుకు 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. ఉన్న నిల్వలను సురక్షితంగా వదిలించుకునేందుకు స్టాక్‌హోం ఒప్పందం ప్రకారం 2028 వరకు గడువుంది.

కొత్త టీసీలో పీసీబీ ఉండదు కదా అనుకోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. రిపేరు సెంటరులో ఒకే ఫిల్టరు యంత్రం, ఒకే గొట్టం, ఒకే డ్రమ్ము. కలుషితమైన పాత టీసీ ఒక్కటి వచ్చిందంటే దాని నూనె మిగతావాటిలోనూ కలుస్తుంది. పరీక్ష చేస్తే తప్ప రంగును బట్టి, వాసనను బట్టి తెలియదు.

కాగితం మీద దారి ఉంది

వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమేనని 2016 నిబంధనలు తేల్చిచెప్పాయి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. లారీ కదిలితే దానితో పాటు మ్యానిఫెస్ట్ కాగితం కదలాలి. శుద్ధికి పోయే నూనెలో పీసీబీ పది లక్షల్లో రెండు భాగాల లోపే ఉండాలి. సబ్‌స్టేషన్లలోని సీసం బ్యాటరీలకు 2022లో వేరే నిబంధనలు వచ్చాయి.

ఇవన్నీ నూనె డిపో చేరాక పనికొచ్చే మాటలు. కంత పడుతున్నది అంతకుముందే.. గట్టుకూ రిపేరు సెంటరుకూ మధ్య. టీసీని సీరియల్ నంబరుతో లెక్కపెట్టినట్టే, దించినప్పుడు నూనె ఎన్ని లీటర్లు, చేరినప్పుడు ఎన్ని లీటర్లు అని రెండు అంకెలు రాస్తే చాలు, ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు. ఇది ఒక్క జిల్లా గొడవ కూడా కాదు. పాలారు బేతమంగళ దాటి కుప్పం పక్కకు, అక్కణ్నుంచి తమిళనాడుకు పోతుంది. చెరువులు, వాగులు సరిహద్దు బోర్డులు చదవవు.

మన ఊళ్లో ఇలా..

టీసీ కింద నూనె కారుతుంటే బెస్కాం 1912 నంబరుకు ఫోన్ చేయండి. స్తంభం మీదున్న టీసీ నంబరు చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. కారిన చోట పశువులను మేపొద్దు. నూనె ఒలికితే నీళ్లు పోసి కడగొద్దు, ఇసుకో రంపపు పొట్టో చల్లి లైన్‌మ్యాన్ వచ్చేదాకా ఆగండి. ముందు లైను ఆపారో లేదో కనుక్కున్నాకే దగ్గరికి పోవాలి.