గాలం కట్టె కొనేముందు

1931లో మంజీరా మీద కట్టిన నిజాంసాగర్, ఇటు పోచారం ప్రాజెక్టు పక్కనే ఉండగా మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గాలం తెలియని ఇల్లుంటుందా! నీడలో ఆరబెట్టిన వెదురు బొంగుకి దారం కడితే సరి.

ఇప్పుడు ఒట్టి కట్టె కొని, రింగులూ పిడీ మనమే బిగించుకోవచ్చు. ఆ కట్టెని 'బ్లాంక్' అంటారు. పిడి బిగించని గరిటె కాడలాంటిదన్నమాట. ఫైబర్ గ్లాసుది కాస్త బరువు, ధర తక్కువ. విల్లులా వంగుతుంది, మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి అదే నయం. కార్బన్‌ది తేలిక. చేప ఎరని ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ రాయికి కొట్టుకుని గీటు పడిందో, పెద్ద బొచ్చె లాగేటప్పుడు పుటుక్కుమంటుంది. ఖరీదూ ఎక్కువే.

అసలు సంగతి వేరే ఉంది. కార్బన్ కట్టెలో కరెంటు పారుతుంది! చెరువు గట్ల మీద, పొలాల్లో తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకూ తెలుసు. వాటి కింద కట్టె ఎత్తనివ్వకండి. హై టెన్షన్ తీగకైతే తగలనక్కర్లేదు, దగ్గరికెళ్ళినా ప్రమాదమే. తడిసిన వెదురునీ నమ్మొద్దు. ఉరుము వినబడగానే కట్టె అక్కడే పడేసి ఇంటికి వచ్చేయమని మీ వారికీ, పిల్లలకీ గట్టిగా చెప్పండి.