ఇనుముకు పాలాభిషేకం

"మేష్టారూ, ఇనుముకు పాలాభిషేకం చేస్తున్నారేమిటండీ?" అని అడిగాడు మా ఊరి కుర్రవాడు.

మాది వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి. ఆ కుర్రవాడి తండ్రికి చేపలు పట్టే ఇంజను బోటు ఉన్నది. నీళ్ళలో పంకాను తిప్పే దాని ఇరుసు అరిగిపోయింది. కొత్తది వచ్చేదాకా బోటు కదలదు; ఇంట్లో రాబడి ఉండదు. ఉప్పునీటికి త్వరగా తుప్పు పట్టకుండా ఆ ఇరుసును స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. అందుకని ముగ్గురమూ పట్నంలోని లేత్ షాపుకు వెళ్ళాము.

మిషనులో స్టీలు కడ్డీ గిర్రున తిరుగుతున్నది. ఉలి చెక్కుతుంటే తురుము సుళ్ళు తిరిగి రాలుతున్నది. ఉలి కొనమీద గొట్టంలోంచి తెల్లని ద్రవం ధారగా పడుతున్నది. అది చూచే కుర్రవాడు అలా అడిగాడు!

పిల్లలూ, అవి పాలు కావు. ఒక విధమైన నూనెను నీటిలో కలిపితే, అది సన్నని బొట్లుగా విడిపోయి పాలలాగా కనిపిస్తుంది. నీరు వేడిని తీసుకుపోతుంది. నూనె రాపిడిని తగ్గిస్తుంది.

ఆ వేడి ఎక్కడిది? ఇనుప తీగను ఒకేచోట పదిసార్లు అటూ ఇటూ వంచి ముట్టుకొని చూడండి. వెచ్చగా ఉంటుంది. లోహాన్ని వంచినా, చెక్కినా మనం పెట్టిన శక్తి చాలావరకు వేడిగా మారుతుంది. మామూలు ఉక్కులో ఆ వేడి చప్పున లోపలికి పాకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో పాకేది దానిలో సుమారు మూడవ వంతే! వేడి పులుసులో ఉంచిన స్టీలు గరిటె కాడ చాలాసేపు చల్లగా ఉండేది అందుకే. కాబట్టి వేడి అంతా ఉలి కొన దగ్గరే పోగవుతుంది. పైగా మొద్దుబారిన ఉలితో రుద్దితే చాలారకాల స్టెయిన్‌లెస్ స్టీలు పైపొర మరింత గట్టిపడుతుంది.

మేము చూస్తుండగానే ధార ఆగిపోయింది. గొట్టానికి తురుము అడ్డుపడింది. పొగ లేచింది. కొత్త పనివాడు కంగారుపడి చెంబెడు చన్నీళ్ళు ఉలిమీద గుమ్మరించాడు. వేడి గాజుగ్లాసు పగిలినట్లు, ఉలి కొన టప్పున చిట్లింది!

"ధార ఎడతెగకుండా పడాలి. లేకుంటే మిషను ఆపాలి," అన్నాడు పెద్ద మేస్త్రీ. గొట్టం శుభ్రంచేసి, కొత్త ఉలి బిగించి, మిషను వేగం తగ్గించాడు.

ఈ కిటుకు పాతదే. ఉలి కొనమీద పుష్కలంగా నీళ్ళు పోస్తే 30 నుంచి 40 శాతం ఎక్కువ వేగంతో చెక్కవచ్చునని 1883లో అమెరికాలో టేలర్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. తుప్పు పట్టకుండా ఆ నీళ్ళలో సోడా కలిపేవారు. ఈనాడు కొన్ని ఉలులలోనే సన్నని బెజ్జం ఉంటుంది. దానిగుండా ద్రవం గట్టి ఒత్తిడితో సరిగ్గా కొనకు చేరుతుంది. కొన్నిచోట్ల సున్నకు దిగువన 196 డిగ్రీల చలి గల ద్రవ నైట్రోజన్ వాడతారు. అది వేడిని తీసుకొని గాలిలో కలిసిపోతుంది. హైదరాబాదులో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్‌లో రాకెట్లకూ, విమానాలకూ కావలసిన ప్రత్యేక లోహాలు తయారవుతాయి. అటువంటి మొండి లోహాలను చెక్కేవారికి కూడా ఈ వేడితోనే పోరు.

సాయంత్రానికి ఇరుసు నున్నగా తయారైంది. మరునాడు తెల్లవారుజామున బోటు వేటకు వెళ్ళింది. ఒడ్డున నిలబడి కుర్రవాడు నవ్వుతూ, "పాలాభిషేకం ఫలించిందండీ, మేష్టారూ!" అన్నాడు.