ఇసుక క్రింద నేమున్నది?

కట్టడము కంటికి కనబడును. దానిని మోయు నేల కనబడదు. కావున పునాది వేయుటకు ముందు నేలను పరీక్షించుట ఇంజనీరుల మొదటి ధర్మము. బండపై కట్టిన యింటిని, ఇసుకపై కట్టిన యింటిని గూర్చి ప్రభువు చెప్పిన యుపమానము మన విద్యార్థులందఱకు తెలిసినదే. అయితే నదీగర్భమున బండ మిక్కిలి లోతున నున్నచో నేమి చేయవలెను? ఇసుకపై కట్టక తప్పదు. అట్టి చోట ఆ యిసుక స్వభావమును సంపూర్ణముగా నెఱుగుటయే రక్ష. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట, ఇసుకలో దింపిన బావుల పునాదులపై నిలిచి నూఱేండ్లకు పైగా పనిచేసెను.

నేలను పరీక్షించు విధమెట్టిది? మొదట కట్టడము రాదలచిన చోట అనేక బోరులు వేయుదురు. బోరు అడుగున నొక గొట్టము నిలిపి, 63.5 కిలోగ్రాముల సమ్మెటను 75 సెంటీమీటర్ల యెత్తునుండి జారవిడుతురు. మొదటి 15 సెంటీమీటర్లు విడిచిపెట్టి, తరువాతి 30 సెంటీమీటర్లు దిగుటకు పడిన దెబ్బలను లెక్కింతురు. పదింటికి లోపుగా నున్నచో అది వదులుగానున్న ఇసుక. ముప్పదికి మించినచో గట్టిగా కూరుకొన్న ఇసుక. గొట్టములో చిక్కిన మంటిని జల్లెడలతో జల్లించి రేణువుల పరిమాణమును కనుగొందురు. దానిగుండ నీరెంత వేగముగా పాఱునో కొలుతురు. అయితే రెండు బోరుల నడుమ నేమున్నదో బోరు చెప్పదు. అందులకై నేలలో విద్యుత్తును, కంపనములను పంపి లోపలి పొరలను గుర్తింతురు.

ఓడరేవులలో పూడిక తీయుటకు ముందును ఈ పరీక్షయే అవసరము. అడుగున బురదయున్నచో పీల్చు యంత్రము చాలును. రాయి యున్నచో దానిని పగులగొట్టవలెను. త్రవ్విన కాలువ గట్లు ఎంత వాలుగా నున్నచో జాఱిపడక నిలుచునో తెలియుటకును మంటి పరీక్షయే ఆధారము.

ఇసుక వలన గలుగు అపాయమును మన మానేరు తీరపు బాలురు సులభముగా గ్రహింపగలరు. వేసవిలో ఎండిన ఏటిలో చెలమ త్రవ్వి నీరు తోడుదుము గదా! లోపలి నీరు తగ్గిన కొలది చుట్టునుగల నీరు అడుగునుండి ఉబికివచ్చును. దానితో ఇసుక రేణువులును పైకి లేచును. గోడలు కూలి చెలమ పూడును. బ్యారేజి క్రిందను జరుగునది ఇదియే. ఎగువ నీరు ఎత్తుగా, దిగువ నీరు పల్లముగా నుండుటచే ఎగువ నీరు పునాది క్రింద దారి వెదకుకొనును. అది వెలికివచ్చు చోట వేగము హెచ్చినచో ఇసుకను ఈడ్చుకొనిపోవును. ఆ బొరియ క్రమముగా ఎగువకు వ్యాపించి పునాది క్రింద బోలు ఏర్పడును. దీనిని నివారించుటకై భూమిలోనికి అడ్డుగోడను దింపి నీటి దారిని పొడిగింతురు. ఆ గోడ యెంత లోతున నుండవలెనో తెలుపునది బోరుల లెక్కయే.

పూర్వపు కరీంనగరు జిల్లాలో, కాళేశ్వరమునకు దిగువ గోదావరిపై 85 గేట్లతో నిర్మింపబడిన మేడిగడ్డ బ్యారేజి 2019 జూన్ 21వ తేదీన ప్రారంభింపబడెను. 2023 అక్టోబరు 21వ తేదీన దాని 7వ బ్లాకులో పునాది క్రుంగి, స్తంభములు కదలి బీటలు వాఱెను. నిలువచేసిన నీటిని విడిచిపెట్టవలసి వచ్చెను. పునాది క్రింది ఇసుక కొట్టుకొనిపోవుట ప్రధాన కారణములలో నొకటియని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ వారి నివేదిక తెలిపెను. 2024లో ఆ సంస్థ నియమించిన సంఘము భూగర్భ పరీక్షలను మరల చేయవలెనని సూచించెను.

బోరు వేయుటకు ధనమును, కాలమును కావలెను. అది ముగిసిన పిదప చూపించుటకు గోడయైనను గేటైనను ఉండదు. కొన్ని మంటి పెట్టెలును, ఒక లెక్కల పుస్తకమును మాత్రమే మిగులును. కావుననే తొందరలో నున్నవారికి అది వృథా వ్యయముగా తోచును. కాని గేట్ల నీటిపై ఆశపెట్టుకొని నారుపోసిన రైతునకు ఆ లెక్కల పుస్తకమే పంట. మన విద్యార్థులలో ఇంజనీరులు కాదలచినవారు ఎంత యెత్తు కట్టవలెనని అడుగుటకు ముందు, క్రింద నేమున్నదని అడుగుట నేర్చుకొందురు గాక.