1453: కాన్‌స్టాంటినోపుల్ పతనం

తురుష్కులు 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించి తూర్పు వర్తక మార్గాలను మూసివేశారని, అందువల్లే ఐరోపావారు సముద్ర మార్గాలను వెదికారని మీరు పాఠశాలలో చదివే ఉంటారు. పరీక్షలో రాసి ఉంటారు. మార్కులూ వచ్చి ఉంటాయి. ఇప్పుడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి.

పోర్చుగీసువారు ఉత్తరాఫ్రికా తీరంలోని స్యూటాను పట్టుకొన్నది 1415లో, అంటే ఈ పతనానికి 38 ఏళ్ల ముందు. ఆ తరువాత వారి ఓడలు ఆఫ్రికా పశ్చిమ తీరం వెంట దక్షిణానికి సాగాయి. బంగారం, బానిసల వ్యాపారం వారిని అటు లాగాయి. మలబారు మిరియాలు ఐరోపాకు ఎక్కువగా చేరింది ఎర్రసముద్రం, ఈజిప్టుల మీదుగా. ఈజిప్టు అట్టోమన్‌ల వశమైనది 1517లో. అప్పటికి వాస్కో డ గామా కాలికట్ చేరి 19 ఏళ్లయింది. వెనిస్ వర్తకులైతే 1454లోనే సుల్తానుతో సంధి చేసుకొని వ్యాపారం కొనసాగించారు. సుంకం వసూలు చేసుకొనే పాలకుడు వర్తకాన్ని ఎందుకు మూసివేస్తాడు?

అయితే 1453కు ప్రాముఖ్యం లేదా? ఉంది, కాని అది యుద్ధతంత్రంలో ఉంది. నేలవైపు నుంచి వచ్చిన శత్రువులను వేయి సంవత్సరాలు నిలువరించిన థియోడోసియస్ గోడలను రెండవ మహమ్మద్ ఫిరంగులు 53 రోజుల ముట్టడిలో బద్దలుకొట్టాయి. వాటిలో అతిపెద్దదాన్ని పోతపోసినవాడు ఆర్బన్. అతడు మొదట బైజాంటైన్ చక్రవర్తి కొలువుకే వెళ్లాడు. అడిగిన జీతం ఇచ్చే స్తోమత చక్రవర్తికి లేకపోయింది. ఫిరంగులు ఖరీదైనవి. వాటిని భరించగలిగిన రాజుల ముందు కోట గోడల మాటున బతికిన భూస్వామ్య ప్రభువుల బలం క్రమంగా సడలింది. తరువాతి శతాబ్దంలో ఇటలీలో ఎత్తైన గోడలకు బదులు పొట్టిగా, మందంగా, కోణాకారపు బురుజులతో కోటలు కట్టారు.